సగం ఒడ్డున, సగం నీళ్లలో

ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల్లో మత్స్యగెడ్డ అవతలి ఊళ్లకు పోవాలంటే చాలామందికి నాటు పడవే దారి. మాడుగుల కొండల్లో పుట్టిన ఈ గెడ్డే ముందుకు పోయి మాచ్‌ఖండ్, ఆ తర్వాత సీలేరు అనిపించుకుంటుంది. జోలాపుట్టు డ్యామ్‌లోంచి కరెంటు కోసం నీళ్లు వదిలేకొద్దీ ఒడ్డు కిందికి జారుతుంది, వానలకు మళ్లీ పైకెక్కుతుంది. అంచేత పక్కా రేవు కట్టినా అది ఏడాదంతా నీటి అంచున ఉండదు. పడవను బురదలోంచి తోసుకుని దించాల్సిందే.

నడిగెడ్డ అంటేనే మనకు భయం. లెక్క వేసి చూస్తే అంతకుముందే ఒక గండం ఉంది: పడవ ముక్కు నేలమీద, తోక నీటిమీద ఉన్న ఆ అరనిమిషం.

నీటిమీద పడవ ఒరిగితే ఆ పక్క ఎక్కువ మునుగుతుంది, అక్కడ నీరు ఎక్కువ పైకి నెడుతుంది, పడవ సర్దుకుంటుంది. ఈ సర్దుబాటుకు వెడల్పే ప్రాణం. పొడవు మారకుండా వెడల్పు రెట్టింపైతే ఆకారం వల్ల వచ్చే నిలకడ ఏకంగా 8 రెట్లవుతుంది. ముక్కు ఒడ్డుకు ఆనిందంటే ఆ మేరకు నీటి ఆసరా పోయినట్టే. బరువులో కొంత నేల మోస్తుంది నిజమే, కానీ మోసేది అడుగున సన్నటి గీత మీద. గరిటె వంపు కింద వేలు పెట్టి నిలబెట్టినట్టుంటుంది వ్యవహారం. ఓడలు బాగుచేసే డ్రైడాక్‌లో నీళ్లు తోడుతుంటే ఓడ అడుగు దిమ్మెలకు తగిలే క్షణానికీ ఇదే బెడద. అక్కడ ఇంజనీర్లు ముందే లెక్క చూసుకుంటారు. ఇక్కడ సరిగ్గా అప్పుడే, నెత్తిన బియ్యం మూటతో ఒకామె నిలువునా పడవలో కాలు పెడుతుంది. మనిషి బరువు కేంద్రం బొడ్డు దగ్గర; మూటతో అది ఇంకా పైకి పోతుంది.

పడవల నిలకడకు సూత్రం కట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగేర్ పుస్తకం 1746లో అచ్చయింది. అందులో చాలా భాగం ఆయన రాసింది భూమి ఆకారం కొలవడానికి వెళ్లిన ఆండీస్ కొండల ప్రాంతంలో. కొండలకూ పడవలకూ చుట్టరికం మన దగ్గరే కాదన్నమాట!

సూత్రంతో పనిలేకుండా చేతులు కనిపెట్టిన ఉపాయం చూడాలంటే కొండ దిగి అచ్యుతాపురం దగ్గరి పిట్టల చెరువు, కొండకర్ల ఆవకు రావాలి. అక్కడివి తాటి దోనెలు. చాలా చెట్లకు చేవ లోపల, తాటికి బయట. మెత్తటి నడుమంతా తొలిచేస్తే గట్టి డొప్ప మిగులుతుంది. ఒంటి డొప్ప ఇట్టే దొర్లుతుంది కాబట్టి రెండింటిని పక్కపక్కన జోడించి కడతారు. ఇలాంటి జోడుకు పాత తెలుగులో సంగడి అని పేరు, సంగడీడంటే స్నేహితుడు. దోనెవాడు జోడును ఒడ్డు వెంబడి వారగా నిలిపి, గెడ బురదలో గుచ్చి పట్టుకుని, ఒక్కొక్కరినే ఎక్కిస్తాడు. “ముందు కూచోండి బాబూ, పిట్టల్ని తర్వాత చూద్దురుగాని” అంటాడు.

ఏటి ఒడ్డున గుడారం వేసుకుని ప్లాస్టిక్ కయాక్ దించేవాళ్లకూ ఇదే పద్ధతి. లైఫ్ జాకెట్ ఒడ్డునే బిగించుకుని, మోకాలిలోతు నీళ్లలో పడవ పూర్తిగా తేలాక, ఒడ్డు వెంబడే ముక్కును ఎగువకు తిప్పి ఉంచాలి. ఏటికి అడ్డం తిరిగి రాయికి ఆనుకుందంటే ఎగువ అంచు మీదుగా నీరెక్కేస్తుంది. రెండంచులూ పట్టుకుని నడుమ కూచున్నాకే కాళ్లు లోపలికి.