పగటి కలలకు నవలా రూపం

 తెలుగు ప్రణయ నవల మధ్యతరగతి యువతి పగటి కల మీద, అంటే మెలకువలోనే మనసు అల్లుకునే ఊహాజీవితం మీద, ఎక్కువగా ఆధారపడింది. కృష్ణా జిల్లా కాజలో 1940లో జన్మించిన యద్దనపూడి సులోచనారాణి ఈ ఊహకు స్పష్టమైన రూపమిచ్చారు. ఆమె ‘సెక్రటరీ’ నవలలో ఉద్యోగం చేసుకుంటూ ఆత్మాభిమానాన్ని వదులుకోని జయంతికి సంపన్నుడైన రాజశేఖరం ఎదురవుతాడు; కారు, మేడ, హుందాతనం గల అటువంటి ‘నవలా నాయకుడు’ పాఠకురాళ్ల ఊహల్లో స్థిరపడ్డాడు. నవలలు పత్రికల్లో సీరియళ్లుగా, అంటే సంచికకొక భాగంగా, వెలువడటంతో తరువాయి భాగం అందేదాకా కథను పాఠకులే మనసులో కొనసాగించుకునేవారు. 1976లో ‘సెక్రటరీ’ చలనచిత్రంగా వచ్చింది. రచయిత్రి 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు.