గేదె నీళ్ల తొట్టి దగ్గర బెదురుతోందా? ముందు మీటరు పెట్టి చూడండి



కొన్నాళ్ల క్రితం ఒక పాడి రైతు నా దగ్గరకు వచ్చాడు. బాగా పాలిచ్చే గేదె తొట్టిలో మూతి పెట్టగానే వెనక్కి గెంతుతోందట. చెరువుకు తోలితే మాత్రం కడుపునిండా తాగుతోంది. పాలు తగ్గాయి, సరిగా చేపడం లేదు. దిష్టి తీశారు, పాకకు గుమ్మడికాయ కట్టారు, పాక కట్టిన చోటు మంచిది కాదని ఎవరో అంటే మార్చే ఆలోచనలో కూడా ఉన్నారు.

నేను అడిగింది ఒక్కటే: "వారం రోజుల పాటు అది ఏ వేళకు తాగింది, ఏ వేళకు బెదిరింది రాసి తీసుకురా." రాసి తెచ్చాడు. బోరు మోటారు నడిచే వేళల్లోనే బెదురుతోంది. మోటారు ఆగితే అదే తొట్టిలో తాగుతోంది. సగం జవాబు ఆ కాగితంలోనే ఉంది.

మోటారు వైండింగ్‌లో గానీ, బోరులోకి దించిన కేబుల్ జాయింట్‌లో గానీ లోపం ఉంటే కరెంటు కొద్దికొద్దిగా కేసింగ్ పైపులోకి లీకవుతుంది. ఎర్తింగ్ సరిగా ఉంటే అది చాలావరకు భూమిలోకి పోయేది. ఎర్త్ వైరు తుప్పుపట్టి తెగిపోయినచోట ఆ కరెంటు ఇనుప పైపు వెంట తొట్టిదాకా వస్తుంది. చెప్పులేసుకుని పొడి చేత్తో కుళాయి తిప్పే మనకు అది తెలియదు. గేదె మాత్రం తడి మూతితో నీటిని తాకుతుంది, తడి నేలమీద నాలుగు గిట్టలతో నిలబడుతుంది. పశువు ఒంట్లో కరెంటుకు ఉండే నిరోధం సుమారు 500 ఓంలుగా లెక్కిస్తారు. అంటే ఒక్క వోల్టు ఉన్నా 2 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. అంతమాత్రానికే పశువు బెదరవచ్చు.

దీన్ని కొలిచేది మల్టీమీటరు. కొన్ని వందల రూపాయల్లో ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. టెస్టర్ దీనికి పనికిరాదు. ఒకటి రెండు వోల్టులకు అది వెలగదు. మీటరు పనిచేస్తోందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. బ్యాటరీ అయిపోయిన మీటరు సున్నా చూపితే మీరు ధైర్యంగా తొట్టిలో చెయ్యి పెడతారు, అదే ప్రమాదం.

రబ్బరు చెప్పులు వేసుకోండి, చేతులు పొడిగా ఉండాలి. గేదె నిలబడే చోట నేల తడిపి, ఒక ఇనుప రేకు ముక్క పరిచి, దానిమీద ఇటుక పెట్టండి. ఇది మోటారు ఆపి ఉన్నప్పుడే చేయాలి. తర్వాత మోటారు వేయించి, మీటరును ఏసీ వోల్టుల్లో పెద్ద రేంజ్‌లో పెట్టి, ఒక పుల్ల రేకుకు, ఇంకొకటి తొట్టి నీటికి తాకించండి. పుల్లల ప్లాస్టిక్ పిడులే పట్టుకోవాలి. 10 వోల్టులు దాటితే ఇక కొలవకండి, మెయిన్ ఆపించి పశువుల్ని, పిల్లల్ని అక్కడినుంచి దూరంగా పంపండి. అంతకంటే తక్కువైతే రేంజ్ తగ్గించి మళ్లీ చూడండి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. డిజిటల్ మీటరు ఎక్కడా కలపని తీగకు కూడా ఒక్కోసారి నాలుగైదు వోల్టులు చూపిస్తుంది. అది ఉత్తుత్తి రీడింగ్. మొదటి కొలతలో 10 వోల్టుల లోపే ఉందని తేలాక, మోటారు ఆపి, రేడియో, టీవీ బాగుచేసే షాపుల్లో దొరికే 470 ఓంల రెసిస్టర్‌ను రెండు పుల్లల మధ్య కలిపి, మళ్లీ మోటారు వేయించి చూడండి. ఉత్తుత్తి వోల్టేజీ అయితే సున్నాకు పడిపోతుంది. అప్పటికీ ఒక వోల్టు, ఆపైన నిలిస్తే గేదె చెప్పేది నిజమే. అర వోల్టు కూడా లేకపోతే కారణం కరెంటు కాదు, పశువైద్యుణ్ణి పిలిచి నోరు, పళ్లు చూపించండి.

మోటారు ఆపినా వోల్టేజీ పోకపోతే లోపం మీ బోరులో లేదు. ఇంటి లైనులోనో, పక్క పొలం మోటారులోనో, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌లోనో ఉంటుంది. స్టార్టర్ డబ్బా మీరు తెరవవద్దు. మోటారు, వైరింగ్ పని ఎలక్ట్రీషియన్‌ది. స్తంభం, స్టే వైరు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తేడా కనిపిస్తే మీటరు కూడా పెట్టకండి, 1912కు ఫోన్ చేయండి. పశువు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం మన అడుగు కంటే ఎక్కువ కాబట్టి, కరెంటు పారే నేలమీద మనకంటే ముందు అదే పడిపోతుంది. ఆ రైతు బోరులో చివరకు దొరికింది నీరు చొరబడిన కేబుల్ జాయింట్. జాయింట్ మార్చి, ఎర్త్ గొయ్యి కొత్తగా తవ్వి వేయించాడు. పాక లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించమన్నాను. గుమ్మడికాయ ఇంకా వేలాడుతూనే ఉంది. దిష్టి తీయడం మీ ఇష్టం, నేను వద్దనను. ముందు ఫ్యూజులు తీయండి.

పొలంలో ఒక్కచోటే పైరు చచ్చిపోతుంటే కూడా చేతబడి అనుకునేవారున్నారు. ఆ మచ్చలో మట్టి, పక్కన పైరు బాగున్న చోట మట్టి విడివిడిగా పరీక్షకు ఇవ్వండి. రెండింటి ఉప్పు శాతం, ఉదజని సూచిక పక్కపక్కన పెట్టి చూస్తే చౌడో కాదో తెలుస్తుంది.

పాడుబడ్డ బావి సంగతి వేరు. దిగినవాడు పడిపోతే, తీయడానికి దిగినవాడూ పడిపోతాడు, ఊరు దాన్ని దయ్యం ఖాతాలో వేస్తుంది. మామూలు గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం, 19.5 కంటే తగ్గితే దిగకూడదు. దీపం దించి చూడటం చాలదు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది, ఆ వాయువు ఎక్కువైతే వాసన తెలియకుండా పోతుంది. మండే వాయువు ఉంటే దీపానికే అంటుకుంటుంది. బావి లోపలి మెట్టు మీద డీజిల్ ఇంజను నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే ఉండదు. గ్యాస్ మీటరు తెప్పించి, తాడుతో పైన, మధ్యలో, అడుగున దించి రీడింగ్ చూశాకే పూడిక పని మొదలుపెట్టించండి. ఎవరైనా లోపల పడిపోయి ఉంటే మాత్రం మీరు దిగవద్దు. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఇంకెవరినీ దిగనివ్వకండి.