ముందు ఎవరు నోట్లో పెడతారు?

వేయించిన కీచురాళ్ళు, ఎర్రచీమల పచ్చడి, వెదురు పురుగుల వేపుడు... మనలో చాలామందికి పేరు వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. అదే పళ్ళెం ఎన్నో దేశాల్లో ఇంటిల్లిపాదీ ఇష్టపడే తిండి. ఆ జలదరింపు ఎక్కడి నుంచి వస్తుంది? పక్కన నలుగురు స్నేహితులుంటే ఎందుకు తగ్గుతుంది? బ్యాంకాక్ హోటళ్ళ నుంచి బస్తర్ సంతల దాకా, అక్కడి నుంచి మన పల్లెల ఉసిళ్ళ దాకా ఒక రుచుల ప్రయాణం.

పళ్ళెం నిండా బంగారు రంగులో వేయించిన వెదురు పురుగులు. పక్క గిన్నెలో సోయా సాస్, తెల్ల మిరియాల పొడి చల్లిన కీచురాళ్ళు. ఇంకో గిన్నెలో ఉల్లికాడలు, పుదీనా, నిమ్మరసం కలిపిన ఎర్రచీమల గుడ్లు. బ్యాంకాక్‌లో ఈశాన్య థాయ్‌లాండ్ వంటలు వడ్డించే ఒక చిన్న హోటల్లో కాలేజీనాటి స్నేహితులం కూర్చున్నాం. అప్పటిదాకా కబుర్లతో గోల చేసినవాళ్ళం, పళ్ళేలు రాగానే ఒకరి మొహాలు ఒకరం చూసుకోవడం మొదలుపెట్టాం.

"తిను." "ముందు నువ్వు తినరా." కాసేపు ఇదే వాదన. చివరికి భీమవరం వాడు చెయ్యి చాపాడు. వాళ్ళది రొయ్యల చెరువులున్న ఇల్లు. "రొయ్య తలకాయ జుర్రుకుని తినేవాళ్ళం, దీనికేంట్రా భయం?" అంటూ ఒక వెదురు పురుగుని నోట్లో వేసుకున్నాడు. అందరి కళ్ళూ వాడి మొహం మీదే. నమిలాడు. మింగాడు. ఏమీ మాట్లాడకుండా ఇంకోటి తీసుకున్నాడు. మాకు ధైర్యమిచ్చింది ఆ రెండోదే. మొదటిది పంతానికి తినొచ్చు. రెండోది మాత్రం రుచికే తింటారు.

వెదురు పురుగు పంటికింద కరకరలాడి అంతలోనే కరిగిపోతుంది, నాలుక మీద వెన్న కమ్మదనం మిగులుతుంది. కీచురాయి పైపొర కాస్త గట్టి. ఉప్పు, మిరియం ముందు తగిలి, నమిలేకొద్దీ పల్లీల రుచి వస్తుంది. చీమగుడ్లు నోట్లో చిట్లగానే పలుచటి పులుపు. పట్టుపురుగు ప్యూపా మాత్రం లోపల పిండిపిండిగా ఉండి మాలో సగం మందికి నచ్చలేదు. అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది మెంగ్ దా పచ్చడి. చెరువుల్లో బతికే పెద్ద నీటిపురుగుని మిరపకాయలు, వెల్లుల్లితో కలిపి రోట్లో దంచుతారు. మగ పురుగులో ఉండే సువాసన గ్రంథి వల్ల ఆ పచ్చడికి మాగిన పండు వాసన వస్తుంది. కళ్ళు మూసుకుని తింటే అందులో పురుగు ఉందని ఎవరూ అనుకోరు.

మా స్నేహితురాలు ఒకామె అన్నీ వాసన చూసింది, వండే తీరు అడిగి తెలుసుకుంది, తినలేదు. "నాకు రొయ్యలు పడవు. ఇవీ పడవేమో" అంది. ఎంత తెలివైన జాగ్రత్తో తరవాత చెబుతాను. ఆమెను ఎవరమూ బలవంతపెట్టలేదు. ఆమె కూడా మా పళ్ళేల వంక చూసి మొహం చిట్లించలేదు. ఆ బల్ల దగ్గర నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఈ మర్యాదే.

జంకు నాలుకది కాదు

తిండి మీద అసహ్యం ఎలా పుడుతుందో జీవితమంతా పరిశోధించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్. ఆయన బృందం 1986లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. చచ్చిన బొద్దింకను సూక్ష్మక్రిములేవీ లేకుండా శుద్ధి చేసి, పళ్ళరసంలో ఒకసారి ముంచి తీశారు. ప్రమాదమేమీ లేదని తెలిసినా మనుషులకు ఆ రసం తాగబుద్ధి కాలేదు. నాలుకకు తగిలే తేడా ఏమీ లేదు, అడ్డుపడింది మనసు.

ఆ మనసు పుట్టుకతో వచ్చింది కాదు. పాకే వయసులో పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. ఏది తిండి, ఏది కాదన్నది మెల్లగా పెద్దవాళ్ళ మొహాలు చూసి నేర్చుకుంటారు. అమ్మ ముక్కు మూసుకుంటే అది చెడ్డది, నాన్న లొట్టలేస్తే అది మంచిది. అంటే తిండి మీద మన తీర్పులు చాలావరకు ఎవరో ఒకరి పక్కన కూర్చుని నేర్చుకున్నవే. అందుకే వాటిని సడలించుకోవడం కూడా ఇంకొకరి పక్కన కూర్చుంటేనే సులువు. స్నేహితుడు హాయిగా నమిలితే మన జంకు సగం తగ్గిపోవడం వెనక కిటుకు ఇదే.

నిజానికి మన గీతలు మనం అనుకున్నంత గట్టివేం కాదు. రొయ్య, పీత, మిడత... జీవశాస్త్రంలో ఇవన్నీ సంధిపాదుల వర్గమే. అతుకుల కాళ్ళు, కైటిన్ అనే పదార్థంతో తయారైన పెంకు అన్నిటికీ ఉన్నాయి. పీత కాళ్ళు విరిచి పీల్చుకునేవారికి మిడత పరాయిదేమీ కాదు. కొన్ని మిఠాయిల్లో, పానీయాల్లో వాడే కార్మైన్ అనే ఎర్రరంగు, డబ్బా మీద ఇ120 అని రాసేది, కోచినీల్ పురుగుల నుంచే తీస్తారు. చాక్లెట్ గోళీలకు మెరుపునిచ్చే షెల్లాక్ మూలం మన అడవుల్లోని లక్క పురుగు. తేనె సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక యానాం, కోనసీమల్లో గోదావరి చీరమేను కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. కళ్ళు, తోక అన్నీ ఉన్న సన్నటి చేపపిల్లలను గుప్పెళ్ళకొద్దీ చింతచిగురుతో వండుకుంటారు. తెలియనివాళ్ళకు అదీ జంకు పుట్టించే గిన్నే. తెలిసినవాళ్ళకు అమృతం.

థాయ్ రైతు దారి

థాయ్‌లాండ్‌లో పురుగుల వంటలకు పుట్టిల్లు ఇసాన్ అని పిలిచే ఈశాన్య ప్రాంతం. కరవు సీమ. అక్కడి నుంచి పనికోసం బ్యాంకాక్ వచ్చిన కూలీల వెంటే వాళ్ళ తిండీ వచ్చింది. తోపుడుబండ్ల మీద మొదలై ఇప్పుడు పేరున్న హోటళ్ళ మెనూల్లోకి ఎక్కింది.

1970లలో అక్కడి మొక్కజొన్న పొలాల మీద మిడతలు విరుచుకుపడ్డాయి. విమానాలతో మందు కొట్టినా లొంగలేదు. దాంతో ప్రభుత్వం 1978 నుంచి 1981 వరకు "పట్టుకుని తినండి" అనే ప్రచారం నడిపింది. ఆ మిడత ఇప్పుడు అక్కడ పెద్ద తెగులు కాదు, గిరాకీ ఉన్న సరుకు.

1998లో ఖోన్ కేన్ విశ్వవిద్యాలయం కీచురాళ్ళ పెంపకాన్ని రైతులకు నేర్పింది. ఇంటి పెరట్లో సిమెంటు తొట్లు, వాటిలో పేర్చిన కోడిగుడ్ల అట్టలు, కోళ్ళ మేత, గుమ్మడి ఆకులు. నెలన్నరలో పంట చేతికొస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో లెక్క వేసేనాటికి ఆ దేశంలో సుమారు 20,000 కీచురాళ్ళ ఫారాలు ఉన్నాయి, ఏడాదికి సగటున 7,500 టన్నుల ఉత్పత్తి. చిన్న కమతాల రైతులకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఇది ఇంటి దగ్గరే దొరికే ఆదాయం.

అదే బ్యాంకాక్‌లో ఖావో శాన్ రోడ్డు మీద పుల్లలకు గుచ్చిన తేళ్ళు, సాలెపురుగులు అమ్ముతారు. ఫొటో తీసుకుంటే వేరే డబ్బు. పర్యాటకుల కేరింతల కోసం పెట్టిన ఆ బండికీ, ఇసాన్ అమ్మమ్మ రోట్లో దంచే పచ్చడికీ పోలిక లేదు. వింత తిండి తినాలనుకునే మిత్రబృందాలకు నా సలహా ఒకటే: పందెం కోసం వండే చోటికి కాదు, స్థానికులు భోజనానికి వచ్చే చోటికి వెళ్ళండి. పక్క బల్ల మీద పిల్లాజెల్లా అదే తింటుంటే మీ జంకు నిలవదు.

శాస్త్రం ఎందుకు మెచ్చుకుంటోంది?

2013లో వచ్చిన ఆహార, వ్యవసాయ సంస్థ నివేదిక ప్రపంచం చూపును ఇటు తిప్పింది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ వాన్ హ్యూస్ దాని ముఖ్య రచయిత. మనుషులు తినే కీటక జాతులు 1,900కు పైగా ఉన్నాయని, కనీసం 200 కోట్ల మంది ఆహారంలో అవి భాగమని అందులో అంచనా వేశారు. కిలో బరువు పెరగడానికి పశువుకు దాదాపు 10 కిలోల మేత కావాలి, కోడికి 2.5 కిలోలు, కీచురాయికి 1.7 కిలోలు చాలు. కీటకాలకు ఒంటి వేడిని నిలుపుకునే ఖర్చు లేకపోవడం ఇందుకు పెద్ద కారణం. పైగా పశువులో తినగలిగే భాగం 40 శాతమైతే, కీచురాయిలో 80 శాతం. మాంసకృత్తులతో పాటు ఇనుము, జింక్ కూడా వీటిలో దండిగా ఉంటాయి.

అయితే కోళ్ళకు పెట్టే ధాన్యమే కీటకాలకూ పెడితే ఈ లాభం తగ్గుతుంది. పంట వ్యర్థాలతో పెంచగలిగినప్పుడే భూమికి నిజమైన మేలు. ఆ జాగ్రత్తతోనే దేశాలు ఒక్కో అడుగు వేస్తున్నాయి. ఐరోపా సమాఖ్య 2021లో ఎండబెట్టిన మీల్‌వార్మ్‌లను ఆహారంగా అనుమతించింది, తరవాత మిడతలను, కీచురాళ్ళను చేర్చింది. సింగపూర్ 2024 జులైలో 16 జాతులకు పచ్చజెండా ఊపింది. పేరుమోసిన షెఫ్‌లు ఇంకా ముందే మేలుకున్నారు. బ్రెజిల్‌లోని సావో పాలోలో అలెక్స్ అటాలా అమెజాన్ చీమను అనాసపండు ముక్క మీద పెట్టి వడ్డించాడు. కోపెన్‌హాగెన్‌లోని నోమా హోటల్ తన వంటల్లో పులుపు కోసం చీమలను వాడింది.

పక్క సంతలోనే ఉంది

దీనికోసం సముద్రాలు దాటక్కర్లేదు. మన చింతూరు దాటి బస్తర్‌లోకి అడుగుపెడితే సంతల్లో ఆకు దొప్పల్లో ఎర్రచీమలు, వాటి గుడ్లు అమ్ముతారు. చెట్ల ఆకులను కుట్టుకుని గూళ్ళు కట్టే చీమలివి. అల్లం, వెల్లుల్లి, మిరపకాయలు, ఉప్పు వేసి నూరితే చాప్‌డా చట్నీ సిద్ధం. చీమల్లోని ఫార్మిక్ ఆమ్లమే దానికి పులుపు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసులు ఇలాగే చేసుకునే సిమిలిపాల్ కాయ్ చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. తరతరాల అడవి వంటకు చట్టం ఇచ్చిన గౌరవమది. అస్సాంలో బొహాగ్ బిహు పండగకు ఎర్రచీమల గుడ్లు వండుకుంటారు. నాగాలాండ్ బజార్లలో కందిరీగ పిల్లపురుగులు తుట్టెలతో సహా అమ్ముడవుతాయి.

మన దగ్గర? తొలకరి వాన పడ్డాక పుట్టల్లోంచి లేచే ఉసిళ్ళను దీపం పెట్టి పట్టి, చేటలో రెక్కలు చెరిగి, మూకుట్లో ఉప్పూకారం వేసి వేయించి, బొరుగులతో కలిపి తినే అలవాటు రాయలసీమ పల్లెల్లో ఉంది. విశాఖ మన్యంలో ఈత చెట్టు మొవ్వలో దొరికే లావాటి పురుగుల వేపుడంటే ఆదివాసులకు ప్రాణం. మరోవైపు హిందూపురం, మదనపల్లె వైపు పట్టుదారం తీశాక మిగిలే ప్యూపాలు చేపల మేతకో కోళ్ళ మేతకో పోతాయి. సరిగ్గా అదే ప్యూపాను దక్షిణ కొరియాలో బండెగి పేరుతో ఉడికించి వీధుల్లో అమ్ముతారు, డబ్బాల్లో నింపి దుకాణాల్లో పెడతారు. పురుగు ఒకటే. ఒకచోట వ్యర్థం, ఇంకోచోట చిరుతిండి.

తొలిసారి తినేవాళ్ళకు

* రొయ్యలు, పీతలు పడనివాళ్ళు కీటకాల జోలికి వెళ్ళొద్దు. ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ రెంటిలోనూ ఉంటుంది. ఎలర్జీ తీవ్రంగా రావచ్చు. మా స్నేహితురాలి జాగ్రత్త సరైనదే.
* పొలాల్లో, వీధి దీపాల కింద దొరికినవి పట్టి తినొద్దు. పురుగుమందు తగిలి ఉండొచ్చు. తినడానికే పెంచినవి, లేదా తరాలుగా తెలిసినవాళ్ళు సేకరించినవి మేలు.
* బాగా వేగినవి, ఉడికినవే ఎంచుకోండి. మిడతల రెక్కలు, ముళ్ళ కాళ్ళు తీసేయండి.
* వెదురు పురుగులు, కీచురాళ్ళతో మొదలుపెట్టండి. మెత్తగా ఉండేవి తరవాత.
* గుంపులో ఎవరైనా వద్దంటే అక్కడితో ఆపేయండి. శాకాహారుల్ని ఆటపట్టించడానికి ఇది సందర్భం కాదు.

"ఛీ" అనే ముందు

ఈ కథనం రాయడానికి అసలు కారణం రుచి కాదు. బ్యాంకాక్‌లో డబ్బిచ్చి పురుగులు తిని ఫొటోలు పెట్టుకునే మనమే, మన ఊళ్ళో ఉసిళ్ళు తినేవాళ్ళను, నత్తలు వండుకునేవాళ్ళను, పొలంలో ఎలుకలు పట్టి కాల్చుకునే యానాదులను ఎంత చులకనగా చూశామో తలుచుకుంటే బాధేస్తుంది. మన దేశంలో తిండి మీద "ఛీ" ఎప్పుడూ తిండి దగ్గర ఆగలేదు. తినేవాళ్ళ కులం మీదికి, ఇంటి మీదికి, బడిలో టిఫిన్ డబ్బా మూత తీయడానికి జంకే పిల్లవాడి మీదికి పాకింది. ఆ మాట పడలేక ఎన్నో ఇళ్ళు తమ వంటలను మానేశాయి. వాటితో పాటే ఏ పుట్ట ఎప్పుడు లేస్తుందో, ఏ చెట్టు మొవ్వలో ఏముంటుందో తెలిసిన విద్యా పోతోంది.

తినకపోవడం ఎవరి ఇష్టం వాళ్ళది. మతం, ఆరోగ్యం, మనసు... కారణం ఏదైనా గౌరవించాల్సిందే. పక్కవాడి పళ్ళెం మీద మొహం చిట్లించే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఈ మర్యాద పిల్లలకు నేర్పడానికి వేరే పాఠం అక్కర్లేదు, భోజనాల దగ్గర పెద్దవాళ్ళ మొహాలు చాలు.

కాయ్ చట్నీకి ఒడిశా తెచ్చిన గుర్తింపు లాంటిది మన ఉసిళ్ళ వేపుడుకీ మన్యం వంటలకీ రావాలి. మన ఆహార పండగల్లో ఒక అంగడి వాటికి కేటాయించాలి. వండే పని ఆ వంట తెలిసినవాళ్ళకే అప్పగించి, వాళ్ళ పేరు పైన రాసి, తగిన ధర చెల్లించాలి. అలాంటి అంగడి కనిపించిన రోజు మీ స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. వండిన అమ్మను ఎలా చేశావని అడగండి. ఒక్క ముక్క తిని చూడండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పినా ఫర్వాలేదు. ఆమె ఎదురుగా నిలబడి, ఆమె చేతి వంట రుచి చూసి చెప్పిన మాట గనక అందులో అవమానం ఉండదు.