ఖనిజాల స్టార్టప్‌లో ఆఫర్ వచ్చిందా? ముందు ఈ లెక్క చూడండి

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లోకి జనం దిగుతారు. తల వంచుకుని, ఒక్కో అడుగే వేస్తూ, తడిసిన మట్టిలో మెరిసే రాయి కోసం వెతుకుతారు. ఎవరికో ఒకరికి వజ్రం దొరుకుతుంది, ఆ వార్త పేపర్లో వస్తుంది. ఖాళీ చేతులతో ఇంటికెళ్లిన మిగతావాళ్ల గురించి ఎవరూ రాయరు. ఖనిజాన్వేషణ కంపెనీ పని కూడా దాదాపు ఇంతే అంటే నవ్వకండి. తేడా ఒక్కటే. ఆ కంపెనీ ఖాళీ చేతులకు కూడా లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క చూపించే తర్వాతి పెట్టుబడి తెచ్చుకుంటుంది.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, ఈమధ్య జూనియర్ల నుంచి నాకొచ్చే మెసేజ్‌లలో ఓ కొత్త ప్రశ్న కనిపిస్తోంది. ‘అన్నా, ఏఐతో ఖనిజాలు వెతికే స్టార్టప్‌లో డేటా సైంటిస్ట్ ఆఫర్ వచ్చింది. రెండేళ్లలో పదింతలు అవుతామంటున్నారు. చేరొచ్చా?’

పదింతలు అన్న మాట వింటే నాకు నా మొదటి ఉద్యోగం గుర్తొస్తుంది. అది ఖనిజాల కంపెనీ కాదు, మామూలు సాఫ్ట్‌వేర్ స్టార్టప్. ఇండక్షన్ రోజు స్లైడ్‌లో 20 మంది నుంచి 200 మందికి ఎగబాకే గ్రాఫ్ చూపించారు. నేను దాన్ని ఫొటో తీసి ఇంట్లో కూడా చూపించాను. పదకొండో నెలలో ఆఫీసు ఖాళీ చేశాం. ఆఖరి నెల జీతం ఇప్పటికీ రాలేదు. ఆ గ్రాఫ్ కింద డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో రాయలేదన్న సంగతి నేను తర్వాత గమనించాను. ఖనిజాల స్టార్టప్‌లో అయితే ఆ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఎందుకంటే అక్కడ అమ్మడానికి ఏళ్ల తరబడి ఏమీ ఉండకపోవచ్చు.

ఆదాయం లేకుండానే 25 వేల కోట్లు

ఈ రంగంలో ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు కోబోల్డ్ మెటల్స్. 2018లో మొదలైంది, అమెరికాలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ కేంద్రం. (జర్మన్ జానపద కథల్లో గని కార్మికుల్ని ఏడిపించే చిన్న భూతం పేరు కోబోల్డ్. కోబాల్ట్ లోహానికి ఆ పేరు కూడా అక్కణ్నుంచే వచ్చింది.) రాగి, లిథియం, నికెల్, కోబాల్ట్ కోసం వెతుకుతారు. బిల్ గేట్స్ మొదలుపెట్టిన బ్రేక్‌త్రూ ఎనర్జీ వెంచర్స్, ఆండ్రీసన్ హోరోవిట్జ్ వంటివాళ్లు డబ్బు పెట్టారు. 2025 జనవరిలో ఒక్క రౌండ్‌లోనే 53.7 కోట్ల డాలర్లు, అంటే అప్పటి లెక్కన సుమారు 4,600 కోట్ల రూపాయలు తెచ్చుకుంది. కంపెనీ విలువను 296 కోట్ల డాలర్లుగా కట్టారు. మన రూపాయల్లో 25 వేల కోట్లు దాటింది. అప్పటికి సొంత గని నుంచి ఒక్క టన్ను రాగి కూడా బయటకు రాలేదు.

మరి దేన్ని చూసి ఇచ్చారు? ఎక్కువగా చెప్పుకునేది జాంబియాలోని మింగోంబా గురించి. కాంగో సరిహద్దు దగ్గర, కాపర్‌బెల్ట్ ప్రాంతంలో ఉంది. 2022 చివర్లో కోబోల్డ్ ఈ ప్రాజెక్టులో 15 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. 2024 ఫిబ్రవరిలో ‘ఇది చాలా పెద్ద నిక్షేపం’ అని చెప్పింది. అక్కడి రాయిలో రాగి సగటున మూడున్నర శాతం పైనే. ఒక్క శాతం కూడా లేని రాయిని తవ్వి లాభాలు చేసుకునే పెద్ద గనులు ప్రపంచంలో బోలెడున్నాయి, కాబట్టి ఇది ఎంత మేలైన ముడి రాయో ఊహించుకోండి. ఏడాదికి 3 లక్షల టన్నులకు పైగా తీయాలన్నది ప్లాన్. జాంబియా దేశం మొత్తం 2023లో తీసింది దాదాపు 7 లక్షల టన్నులే.

‘ఏఐ రాగి గని కనిపెట్టింది’ అని హెడ్డింగులు వచ్చాయి గదా, అక్కడ కాస్త ఆగండి. మింగోంబాలో రాగి ఉందన్న సంగతి కోబోల్డ్ రాకముందే తెలుసు. పాత కంపెనీలు అక్కడ డ్రిల్లింగ్ చేసి ఉన్నాయి. కోబోల్డ్ వచ్చి పాత డేటా తిరగేసి, కొత్తగా డ్రిల్ చేసి, అది ఎంత పెద్దదో, ఎక్కడ చిక్కగా ఉందో తేల్చింది. నా దృష్టిలో ఇది చిన్న పనేం కాదు. కానీ ‘కనిపెట్టడం’ వేరు, ‘తేల్చడం’ వేరు. ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఏ కంపెనీ విషయంలోనైనా ఈ తేడా పట్టుకోండి.

అసలు ఏఐ చేసేదేంటి?

1 నుంచి 100 లోపు ఓ నంబరు అనుకుంటాను, తక్కువ ప్రశ్నల్లో కనుక్కోండి అంటే మీరు ముందు ఏం అడుగుతారు? ‘50 కంటే ఎక్కువా?’ అనే గదా. అది సరైన జవాబు అవుతుందని కాదు, ఏ జవాబు వచ్చినా సగం అనుమానం పోతుందని. కోబోల్డ్ వాళ్లు డ్రిల్లింగ్‌ను ఇలాగే చూస్తామంటారు. భూమి కింద రాయి ఎలా ఉండొచ్చో ఒక్క మోడల్ కాకుండా బోలెడు మోడల్స్ తయారు చేస్తారు. ఏ చోట డ్రిల్ దింపితే వాటిలో ఎక్కువ కొట్టుకుపోతాయో అక్కడ దింపుతారు. ఇందులో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులతోనూ కలిసి పనిచేశారు.

డ్రిల్లింగ్ ఖరీదైన పని. వజ్రపు బిట్ ఉన్న గొట్టాన్ని వందల మీటర్లు దింపి, గుండ్రటి రాతి కడ్డీని పైకి లాగుతారు. దాన్నే కోర్ అంటారు. పెట్టెల్లో వరసగా పేర్చి, అంగుళం అంగుళం చూసి రాసి, ముక్కలు ల్యాబ్‌కి పంపిస్తారు. ఒక్క ఖాళీ రంధ్రం తగ్గినా మిగిలేది పెద్ద మొత్తమే. ఏఐ విలువ అంతా అక్కడే ఉంది. మిగిలిన పనంతా చాకిరీ! దశాబ్దాల నాటి కాగితపు మ్యాపులు స్కాన్ చేయడం, ఒక్కో సర్వేలో ఒక్కోలా రాసిన రాయి పేర్లను ఒకే తీరుకు తేవడం. డేటా సైంటిస్ట్ అని చేరినవాళ్లకు మోడల్ రాసే రోజులు తక్కువ, ఇలాంటి రోజులు ఎక్కువ. ఫీల్డ్‌కి కూడా వెళ్లాలి. ఏసీ గదిలోంచి రాయిని అర్థం చేసుకోవడం కుదరదు.

ఇంకో సంగతి. మీరు మెషీన్ లెర్నింగ్‌లో గాసియన్ ప్రాసెస్ రిగ్రెషన్ అని చదువుతారు. అదే లెక్కను గనుల వాళ్లు క్రిగింగ్ అంటారు. 1950ల మొదట్లో డానీ క్రిగ్ అనే మైనింగ్ ఇంజినీర్ దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఎక్కడ ఎంత బంగారం ఉంటుందో అంచనా వేయడానికి చేసిన పని నుంచి పుట్టింది. కాబట్టి సీఎస్ఈ వాళ్లు ఈ రంగానికి మరీ కొత్తేం కాదు.

ప్లాన్ మారితే మనుషులూ మారతారు

కోబోల్డ్ ప్లాన్‌లో ఒకేసారి రెండు పనులు నడుస్తున్నాయి. ఒకటి, పలు దేశాల్లో పదుల ప్రాజెక్టుల్లో వెతకడం. వాటిలో చాలావాటిని మధ్యలోనే వదిలేస్తారు, అది వాళ్లకు ఓటమి కాదు. రెండోది, మింగోంబాను నిజంగా గనిగా కట్టడం. ముడి రాయి భూమికి కిలోమీటరుకు పైగా లోతున ఉంది, పెద్ద షాఫ్టులు దింపాలి, 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతుందని అంచనా. ఉత్పత్తి 2030ల మొదట్లో అంటున్నారు. వెతికే దశలో జియోఫిజిక్స్, డేటా వాళ్లు కావాలి. కట్టే దశలో మైనింగ్, సివిల్, ఎలక్ట్రికల్ వాళ్లు కావాలి. మీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ ఏ దశలో ఉందో తెలియకపోతే, రెండేళ్ల తర్వాత అక్కడ మీ అవసరం ఉంటుందో లేదో కూడా తెలియదు.

ఇదే ప్లాన్ ఇండియాలో కాపీ కొడతామంటే కుదరదు. ఇక్కడ చట్టం వేరు. 2023లో గనుల చట్టాన్ని సవరించి, 29 రకాల ఖనిజాలకు ఎక్స్‌ప్లోరేషన్ లైసెన్స్ తెచ్చారు. వేలంలో గెలిస్తే 5 ఏళ్లు వెతకొచ్చు, మరో 2 ఏళ్లు పొడిగించుకోవచ్చు. కానీ దొరికాక గని మీది కాదు! ప్రభుత్వం దాన్ని మళ్లీ వేలం వేస్తుంది. ఆ వేలంలో గెలిచినవాళ్లు కట్టే ప్రీమియంలో వెతికినవాళ్లకు వాటా వస్తుంది. అంటే వెతికిన కంపెనీ చేతికి డబ్బు రావాలంటే దొరకాలి, వేలం జరగాలి, గని నడవాలి. ఇన్ని ‘లి’లు దాటాలి.

జొన్నగిరే చూడండి. ఇక్కడి బంగారు గనికి ఒక ప్రైవేటు కంపెనీకి 2013లో మైనింగ్ లీజు వచ్చింది. వెతకడానికి అంతకుముందే ఏళ్లు పట్టింది. లీజు వచ్చి పదేళ్లు నిండేనాటికి కూడా పూర్తి స్థాయి ఉత్పత్తి మొదలై ఉండలేదు. ఈ రంగంలో ‘రెండేళ్లలో’ అన్న మాట నాకెందుకు నచ్చదో ఇప్పుడు అర్థమైందా?

ఇంకో రకం కంపెనీలూ ఉన్నాయి. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింది నాబెట్ గుర్తింపు తెచ్చుకుని, కేంద్రం నోటిఫై చేశాక, ప్రభుత్వ ట్రస్టు డబ్బుతో అన్వేషణ పనులు చేస్తారు. ఒకరకంగా కాంట్రాక్టు పని. ఆకాశానికి ఎగిరే గ్రాఫ్ ఉండదు, కానీ చేసిన పనికి బిల్లు వస్తుంది. మీ జీతం ఏ డబ్బుతో వస్తుందో అడగడంలో తప్పేం లేదు. హెచ్ఆర్ మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

అలాగే ‘మీ ప్రాజెక్టు జీ4లో ఉందా, జీ2లో ఉందా?’ అని అడగండి. మన దేశంలో అన్వేషణ దశల్ని జీ4 నుంచి జీ1 దాకా లెక్కిస్తారు. జీ4 అంటే పైపై పరిశీలన, జీ1 అంటే వివరంగా తేలిన దశ. ఇప్పటిదాకా ఎన్ని మీటర్లు డ్రిల్ చేశారు, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది, వదిలేసిన ప్రాజెక్టులు ఎన్ని, ఎందుకు వదిలేశారు? ఆఖరి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే కంపెనీని నేనైతే నమ్ముతాను. ‘మేం ఏదీ వదలలేదు’ అన్నారంటే, వాళ్లింకా వెతకడం మొదలుపెట్టలేదని అర్థం. జీతం తగ్గించి షేర్లు ఎక్కువిస్తామంటే, ఆ షేర్లను లాటరీ టికెట్టులా చూసి, మిగతా జీతంతో ఇల్లు గడుస్తుందా లేదా లెక్కేసుకోండి.

హైదరాబాద్‌లో ఉంటే సగం పని అయినట్టే

రాళ్లు చదివేవాళ్లు ఇంత దగ్గరదగ్గరగా ఉన్న నగరం దేశంలో అరుదు. ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ, బండ్లగూడలో జీఎస్‌ఐ, బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్, మాసబ్‌ట్యాంక్‌లో ఎన్‌ఎండీసీ. జియాలజీ, జియోఫిజిక్స్ చదివినవాళ్లకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఎలాగూ ఉంది. స్టార్టప్‌లో చేరినా దాన్ని వదలకండి. వయోపరిమితి ఉంది గుర్తుంచుకోండి.

సీఎస్ఈ, ఈసీఈ వాళ్లయితే ఆఫర్ కోసం ఎదురుచూడకుండా ఈ వారమే ఓ ప్రయోగం చేయొచ్చు. 2023 డిసెంబర్‌లో కేంద్రం నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ పోర్టల్ తెరిచింది. దేశంలో జరిగిన భూ సర్వేల డేటా అందులో పెడుతున్నారు. 2025లో జీఎస్‌ఐ, ఇండియా ఏఐ మిషన్ కలిసి పెట్టిన హ్యాకథాన్‌కు ఇచ్చిన ప్రాంతం కూడా మన పక్కనే, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో 39,000 చదరపు కిలోమీటర్లు. పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని, మీ జిల్లా జియోకెమికల్ డేటా ఏదైనా దొరుకుతుందేమో చూడండి. క్యూజీఐఎస్ ఉచితమే, అందులో తెరవండి. పైథాన్‌లో క్రిగింగ్ చేసి మ్యాప్ గీయండి. ఆ తర్వాత దగ్గర్లోని జియాలజీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి ఓ సార్‌కి చూపించండి. పది నిమిషాల్లో మీ మ్యాప్‌లో నాలుగు తప్పులు చూపిస్తారు. నావి ఆరు చూపించారు. మూడు ఇంకా సరిచేయలేదు.