చైత్రమాసపు చుట్టములు

ఇంటికి వచ్చిన చుట్టమునకు కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చి, కుశలమడిగి, ఉన్నంతలో అన్నము పెట్టుట మన దేశమునందు అనాదిగా వచ్చుచున్న యాచారము. ఒక పూట యుండి పోవు చుట్టమునకు మర్యాద చేయుట సులభమే. పసిబిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి, వారము దినములుండెడి చుట్టముల నాదరించుట మాత్రము కొంత యాలోచనతో చేయవలసిన పని. ఆ పని యెట్లు చేయవలెనో, తూర్పు కనుమలలోని యొక పల్లెసీమను ఆధారముగా గొని తెలిసికొందము.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకునుండి పాడేరు పోవు మార్గమున డుంబ్రిగుడ కలదు. ఈ జిల్లా 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది. అంతకు ముందు ఈ ప్రాంతము విశాఖపట్నము జిల్లాలో నుండెను. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న ఈ సీమలో భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కొటియలు, పోర్జలు మొదలగు గిరిజనులు నివసించుచున్నారు. కొందరి యిండ్లలో తెలుగును, కొందరి యిండ్లలో ఆదివాసీ ఒడియాను మాటలాడుదురు. మెట్టలపై చోళ్లు, సామలు, వలిసెలు, పల్లములలో వరి, చెట్లనీడను కాఫీ, మిరియములు వారి ముఖ్యమైన పంటలు.

చైత్రమాసమున ఇచట ఇటుకల పండుగ జరుగును. రాబోవు వానలకు ముందుగా గ్రామదేవతను పూజించి, విత్తనములకు మంచి మొలకను కోరుకొనుట ఈ పండుగలోని ముఖ్యమైన భాగము. ఆ దినములలో స్త్రీలు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవేసికొని వరుసగా నిలిచి ధింసా నృత్యము చేయుదురు. తుడుము, కిరిడి, మోరి మొదలగు వాద్యములు రాత్రి ప్రొద్దుపోవువరకు మ్రోగుచుండును. అదియే చుట్టములు వచ్చు కాలము. కొండకు దిగువనున్న పట్టణములకు పనులకై పోయినవారు ఆలుబిడ్డలతో తిరిగి వత్తురు. సరిహద్దునకు ఆవల ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతమునుండియు బంధువులు వత్తురు. విశాఖపట్నమునుండి కిరండూలు పోవు రైలు అనేక సొరంగములను దాటుచు వారిని అరకునకు చేర్చును. సొరంగమున చీకటి క్రమ్మినప్పుడెల్ల పిల్లలు కేకలు వేయుదురు.

ఇట్లు వచ్చినవారిలో పెద్దలకు ఈ నేల క్రొత్తది కాదు. వారి పిల్లలకు మాత్రము అంతయు క్రొత్తదే. కొండబిడ్డకు నడక వచ్చిన నాటినుండియే పొయ్యి యెచట నున్నదో, వాగు ఎచట లోతో తెలియును. పట్టణమునుండి వచ్చిన పసివానికి అది తెలియదు. ఇంటివారు తమ కలవాటైన దానియందు ఆపదను చూడరు. వచ్చినవారు తమకు తెలియని దానియందు ఆపదను ఊహింపరు. ఈ రెంటి నడుమ పసిబిడ్డ యున్నాడు. కావున చుట్టములు రాకముందే ఇంటివారు తమ యింటిని పసివాని కన్నులతో నొకసారి చూడవలెను. ఆదరణమునకు ఇదియే మొదటి మెట్టు.

ముందుగా పొయ్యిని చూడుడు. అది నేలమీదనే యుండును. మరుగుచున్న అంబలికుండ పాకెడు బిడ్డ చేతికందును. ఒక చిన్న తడికెను అడ్డము కట్టినచో ఆపద తొలగును. ఒకవేళ చర్మము కాలినయెడల బూడిదయు, పేడయు రాయరాదు. కాలినచోట ఇరువది నిమిషములపాటు చల్లని మంచినీటిని పోయవలెను. పిదప వైద్యునికి చూపవలెను. తరువాత నీటితావులను చూడుడు. డుంబ్రిగుడ చెంత చాపరాయి యను ప్రసిద్ధమైన జలపాతము కలదు. అచట వెడల్పైన బండమీదుగా నీరు జారిపోవుచుండును. చూచుటకు అది మోకాటిలోతైనను లేనట్లుండును గాని, నాచుపట్టిన రాయి పెద్దవారి కాలినైనను జారవేయును. అట్టిచోట బిడ్డ చేయి పెద్దల చేతిలోనే యుండవలెను. పుష్యమాసపు చలిలో చుట్టములు వచ్చినయెడల మరియొక జాగ్రత్త కలదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రింపరాదు. దానినుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువాడు మేల్కొనకయే ప్రాణము కోల్పోవును.

ఇక నీటి సంగతి. మనిషికి త్రాగుటకు, వంటకు, శుభ్రతకు కలిపి దినమునకు 20 లీటర్లయినను కావలెను. చుట్టములు అయిదుగురు వచ్చిరనుకొందము. అనగా దినమునకు 100 లీటర్లు అదనముగా కావలసివచ్చును. 15 లీటర్లు పట్టు బిందెతో ఊటనుండి తేవలెనన్నచో ఏడు బిందెలు. వారమునకు నలుబదితొమ్మిది బిందెలు! ఈ బరువంతయు ఎవరి తలపై పడుచున్నదో యోచించితిరా? చాలయిండ్లలో అది ఇల్లాలి తలపైననే పడును. పండుగనాడు అందరును నృత్యము చేయుచుండగా, ఆమె మాత్రము పొయ్యిచెంత కూర్చుండి పొగకు కన్నీరు పెట్టుకొనుచుండుట న్యాయము కాదు. చుట్టములలోని పురుషులు నీరు తేవలెను, కట్టెలు కొట్టవలెను. స్త్రీలు వంటలో పాలు పంచుకొనవలెను. మొదటి దినమున చుట్టము చుట్టమే. రెండవ దినమునుండి ఇంటిమనిషియే.

ఆహార విషయమునను ఇట్టి వివేకము కావలెను. చైత్రమునాటికి ఇంటిలో నిలువయున్న ధాన్యము తరుగుచుండును. అప్పులు చేసి విందులు పెట్టనక్కరలేదు. విత్తనములకై దాచిన గింజలను ఎట్టి మర్యాదకొరకును ముట్టరాదు. అది రేపటి పంట. వచ్చువారును వట్టిచేతులతో రాక, కొంత బియ్యమో, పప్పో, నూనెయో తెచ్చుట మేలు. చోడి అంబలి పేదవాని యాహారమని కొందరు చుట్టములకు పెట్ట సిగ్గుపడుదురు. ఇది పొరపాటు. నూరు గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు మించిన సున్నపుధాతువు కలదు. అంతే బియ్యములో అది పదిమిల్లీగ్రాముల ప్రాంతమున మాత్రమే యుండును. ఎదుగు బిడ్డల యెముకలకు ఆ ధాతువు మిక్కిలి యవసరము. అయితే ఆరు మాసములు నిండని శిశువునకు తల్లిపాలు తప్ప మరేదియు, నీరు సైతము పెట్టరాదు. ఏడాది నిండని బిడ్డకు కొండతేనె నాకింపరాదు. అడవిలో దొరకిన దని ప్రేమతో నిచ్చినను, అది పసికడుపునకు కీడు చేయవచ్చును.

నీరు మారినందున పిల్లలకు విరేచనములు కలుగుట కలదు. కావున త్రాగునీటిని కాచి చల్లార్చి యియ్యవలెను. విరేచనములు మొదలైనచో, శరీరమునుండి పోయిన నీటిని, లవణములను తిరిగి యిచ్చుటయే ముఖ్యము. ఆరోగ్యకార్యకర్తలయొద్ద దొరకు పొడిని నీటిలో కలిపి త్రాగింపవలెను. అది దొరకునంతవరకు ఒక లీటరు కాచిన నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును తలగొట్టి కొలిచి కలిపి, కొంచెము కొంచెముగా నీయవచ్చును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున కాందిశీకుల శిబిరములలో కలరా చెలరేగినప్పుడు, వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఇట్టి ద్రావణమును త్రాగించి వేలకొలది ప్రాణములను కాపాడెను. ప్రతి యింటి వంటగదిలోను ఉండు ఉప్పు, పంచదారలకు అంతటి శక్తి కలదు!

అన్నింటికంటె ఎక్కువగా తలపున నుంచుకొనదగినది మలేరియా. దోమ శరీరములో ఈ జ్వరపు క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదునందే కనుగొనెను. కొండవాగుల చెంత ఈ దోమలు పెరుగును. పలుమారులు ఈ జ్వరమునకు లోనైన కొండవాసి పెద్దలకు, దానిని కొంత తట్టుకొను శక్తి అలవడును. పట్టణమునుండి వచ్చిన బిడ్డకు ఆ శక్తి లేదు. ఒకే యింటిలో, ఒకే చాపపై నిద్రించినను, ఇంటియజమానికి రెండు దినముల జ్వరమై పోవునది, చుట్టపు బిడ్డకు ప్రాణాపాయము కావచ్చును. కావున ఇంటిలో మందు పూసిన దోమతెర ఒక్కటియే యున్నయెడల, అది వచ్చిన పసిబిడ్డలకును, గర్భిణికిని మొదట చెందవలెను. జ్వరము తగిలినచో ఆ దినముననే ఆశా కార్యకర్తయొద్దకో, ఆరోగ్యకేంద్రమునకో పోయి రక్తపరీక్ష చేయింపవలెను. పండుగ ముగియనిమ్మని ఆగరాదు.

విద్యార్థులారా! ఈ వారము దినములలో మీరు చేయగల పని యొకటి కలదు. పెద్దలు పనులలో మునిగియున్నప్పుడు మీ కంటె చిన్నవారిని కనిపెట్టియుండుట మీ వంతు. కొండచెట్లను, పిట్టలను వారికి చూపుడు. వేసవి చిరుజల్లు పడిన కొలది దినములకు కాఫీమొక్కలు తెల్లని పూవులతో నిండి, మల్లెను పోలిన పరిమళము వెదజల్లును, అచటికి తీసికొనిపొండు. చోడిగింజ ఎంత చిన్నదో వారి అరచేతిలో నుంచి చూపుడు. వారి పట్టణపు కబుర్లను మీరును వినుడు. ఒకరి భాష నొకరు నేర్చుకొనుటకు ఏడు దినములు చాలవు గాని, స్నేహము చేయుటకు చాలును.

ఎనిమిదవనాడు చుట్టములు ప్రయాణమగుదురు. దారికి పనసతొనలో, అల్లమో, పసుపో మూటగట్టి యిచ్చుట ఆనందకరమే. ఆ మూటతోపాటు ఒక మాటయు చెప్పి పంపవలెను. మలేరియాక్రిమి శరీరమున ప్రవేశించిన వెంటనే జ్వరము రాదు. సాధారణముగా వారమునుండి నెలలోపల పొడసూపును. అనగా బిడ్డ పట్టణమునకు పోయి, కొండను మరచి, బడికి పోవుచున్నప్పుడు జ్వరము రావచ్చును. అచటి వైద్యునికి ఆ బిడ్డ ఎచటినుండి వచ్చినదో తెలియదు. కావున, “నెల దినములలో ఒళ్లు వెచ్చబడినను వైద్యునితో, మేము కొండలలో నుండి వచ్చితిమని తప్పక చెప్పుడు” అని తల్లిదండ్రులకు వీడ్కోలువేళ చెప్పవలెను. తమ యూరిని తక్కువచేసినట్లగునని ఈ మాట చెప్ప సంకోచింపరాదు. దాచిన మాటకంటె చెప్పిన మాటయే గొప్ప మర్యాద.

చుట్టము గడప దాటినంతనే ఆదరణము ముగియదు. పసిబిడ్డ క్షేమముగా ఇల్లు చేరి, నెల గడచి, నవ్వుచు ఆడుకొనుచున్నాడను కబురు వచ్చిననాడే అది సంపూర్ణమగును. మరుసటి చైత్రమున తుడుము మ్రోగినప్పుడు, ఆ బిడ్డయే అందరికంటె ముందుగా పరుగెత్తుకొని వచ్చును.