పెక్యూలియర్: పశువుల మందలో పుట్టిన మాట

ఆంగ్లంలో వింతను తెలిపే మాటలు చాలా ఉన్నవి. వాటిలో మన ఇండ్లలోనూ ఆఫీసులలోనూ తెలుగు మాటవలెనే చెల్లిపోతున్నది 'పెక్యూలియర్'. వాసన పెక్యూలియర్, మనిషి పెక్యూలియర్, పక్కింటివారి పద్ధతులు మరీ పెక్యూలియర్! కాని పుట్టుకలో ఈ మాటకు వింతతో సంబంధమే లేదు. ఉన్నదల్లా పశువులతో.

లాటిన్‌లో 'పెకు' అంటే పశువులు. మన 'పశు' శబ్దమూ అదీ ఒకే మూలానివి. పూర్వం మందయే ఆస్తి గనుక 'పెకూనియా' అంటే ధనమైనది. ఆఫీసు కాగితాలలో కనబడే 'పెక్యూనియరీ' దాని బిడ్డయే. 'పెకూలియం' అంటే సొంత సొమ్ము. రోమనుల చట్టంలో తండ్రి చాటున ఉన్న కొడుకుకు ఆస్తిహక్కు లేదు, బానిసకు అసలే లేదు. అయినా వాడుకొమ్మని వారికి విడిచిపెట్టిన కొద్దిపాటి సొమ్ముకు ఆ పేరు. దానిని కూడబెట్టి తమ స్వేచ్ఛను తామే కొనుక్కున్న బానిసలున్నారు!

దీని విశేషణమే 15వ శతాబ్దంలో 'ఒకరికే చెందిన' అనే అర్థంతో ఆంగ్లానికి చేరినది. 1611 నాటి ఆంగ్ల బైబిలులో దేవుని ప్రజలకు ఈ విశేషణం వాడారు. దేవుని సొంతవారని భావమే గాని విడ్డూరపు మనుషులని కాదు. ఒకరికే ఉన్నది తక్కినవారికి కొత్తగా తోచును గదా, ఆ దారినే వింత అనే అర్థమూ అంటుకొన్నది.

శ్రీకాకుళం పల్లెల్లో పశువులను సొమ్ములంటారు. తమిళంలో 'మాడు' అంటే పశువు, పాత తమిళంలో ధనం కూడ. తిరుక్కురళ్ 400వ పద్యంలో ఈ రెండవ అర్థమే. వేలూరు నుండి పళ్ళికొండ మీదుగా గుడియాత్తం పోయే దారిలో, పొయిగై మంగళవారపు పశువుల సంత చూచినవారికి దీనికి నిఘంటువు అక్కరలేదు.

గుడియాత్తంలో ఒక పెళ్ళికి విజయవాడ బంధువులు వచ్చినారు. ఒక పిల్ల "అమ్మ లోపల ఉండాది" అన్నది. "మీ తెలుగు భలే పెక్యూలియర్ అమ్మా" అని వారు నవ్వినారు. ఇక ఆ పిల్ల పెళ్ళి అయ్యేదాకా తమిళం తప్ప మాట్లాడలేదు. మన ఇండ్లలో తెలుగు తగ్గిపోవుటకు ఈ నవ్వు కూడ ఒక కారణమని నా అభిప్రాయం.

ఆంగ్లంలో పాత అర్థం ఇంకా పోలేదు. ఈ మాట వెనుక 'టు' చేరితే 'వారికే సొంతమైనది' అని అర్థం. 'ఉండాది'ని ఈ ప్రాంతానికి పెక్యూలియర్ అనవచ్చును, అది నిజమే. చిత్తూరు, పలమనేరు పల్లెల్లోనూ ఇదే పలుకుతారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఆ ఊళ్ళూ మన ఊళ్ళూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే.