తొలి వేసవి జల్లులు – యాసంగి వరి కోతలు

విదర్భ నుండి తెలంగాణ, అంతర్గత కర్ణాటక మీదుగా తమిళనాడు వరకు ఏప్రిల్, మే నెలల్లో తరచుగా ద్రోణి ఏర్పడుతుంది. దీనికి తూర్పున బంగాళాఖాతపు తేమగాలులు, పడమట పొడిగాలులు వీస్తాయి. ఇవి కలిసేచోట మధ్యాహ్నపు వేడిమికి గాలి పైకి లేచి క్యుములోనింబస్ మేఘాలు కమ్ముతాయి. సాయంత్రానికి ఉరుములు, ఈదురుగాలులు, ఒక్కొక్కచోట వడగండ్లు. ద్రోణి కొద్దిగా జరిగినా వానపడే మండలాలు మారతాయి. కనుక జిల్లా మొత్తానికి 'వాతావరణం చల్లబడుతుంది' అని చెప్పి ఊరుకోవడం సరికాదు. ఆ చల్లదనం మనకు హాయి, కళ్లంలో ధాన్యం ఆరబోసిన రైతుకు కాదు.

2023 ఏప్రిల్ చివర, మే మొదట తెలంగాణలో కొనుగోలు కేంద్రాల్లోని కుప్పలు తడిశాయి. కోతనాటికి గింజలో సాధారణంగా 20 శాతానికి పైబడి తేమ ఉంటుంది. కొనుగోలుకు 17 శాతం మించరాదు. మబ్బు పట్టిన రోజుల్లో ఆరుదల మందగిస్తుంది. నిద్రావస్థ లేని రకాల్లో తడిసిన గింజ మొలకెత్తుతుంది. ఐదు రోజుల సూచనను బట్టి కోత తేదీని, మూడు గంటల తక్షణ సూచనను బట్టి టార్పాలిన్ కప్పడాన్ని నిర్ణయించుకోవాలని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు విడివిడిగా చెప్పాలి. తడిసిన పనలపై లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తే మొలక తగ్గుతుంది. ధాన్యం ఇల్లు చేరిన పొలంలో మాత్రం అదే వాన పదను వేసవి దుక్కికి అనుకూలం.